ఊరుకున్నవాళ్ళ ఓటు

చిన్నదాని ఇల్లు, మూడో అంతస్తు
జూన్ 4

పెద్దదానికి,

అమ్మను రాస్తున్నాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నీ గొంతు వినగానే అడగాలనుకున్నవన్నీ మర్చిపోతాను. పెట్టేశాక ఒక్కొక్కటీ గుర్తొచ్చి నన్ను తినేస్తాయి. మూడో తరగతితో ఆగిన చదువు కాబట్టి అక్షరాలు అటూ ఇటూ ఉంటే సర్దుకో.

చిన్నది పురిటి మంచం మీంచి లేచి ఇంట్లో తిరుగుతోంది. పసిదానికి ఒళ్ళు వెచ్చగా ఉందని మొన్న నేను హడావుడి చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు చూసి, పిల్లకేం లేదు, మామ్మకే బీపీ ఉందన్నాడు. చిన్నది దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు.

నువ్వు గెలిచిన వారానికే నేను ఇక్కడికి వచ్చేశాను, అదే నా బెంగ. ఆ ఊరి వీధులు ముప్పై రెండేళ్ళు నేను ఊడ్చాను, పద్నాలుగేళ్ళుగా నువ్వు ఊడుస్తున్నావు. మన చీపుళ్ళ వాళ్ళలోంచి టౌను కౌన్సిల్లో కూర్చున్న మనిషి ఇప్పటిదాకా లేదు. ఎప్పుడూ లేనిది ఇప్పుడు మనింటికే ఎందుకొచ్చిందా అని నా భయం. కలప అడితి ఆయన ఛైర్మను, ఆయన పక్కన లాయరు, డాక్టరు, మందుల షాపావిడ. వాళ్ళ గుమ్మాల ముందు ఊడ్చినదానివి వాళ్ళ పక్కన ఎలా కూర్చుంటావే. అసలు కుర్చీ ఇస్తారా, నిలబెట్టి మాట్లాడిస్తారా?

ఒక్క మాట విను. అక్కడ నీకు నచ్చనిది ఏదైనా అంటే ఎదురు చెప్పకు. హాజరు దగ్గర మనం చేసేదే అక్కడా చెయ్యి. మేస్త్రీ వీధి పేరు చదివితే ఇష్టమున్నవాళ్ళం 'ఆ' అంటాం, లేనివాళ్ళం ఊరుకుంటాం. వాడే అర్థం చేసుకుని దాటేసి ఇంకొకళ్ళకి వేస్తాడు. గొడవ ఉండదు, ఎవరి పేరూ కొట్టెయ్యరు. అన్నేళ్ళూ నేను అలాగే నెగ్గుకొచ్చాను.

గ్యాసు కట్టేస్తున్నావా? వెనక తలుపు గడియ వదులుగా ఉంది, చూసుకో.

అమ్మ


మన ఇల్లు
జూన్ 19

అమ్మా,

గడియ బాగు చేయించాను. గ్యాసు కట్టేస్తున్నాను. కుర్చీ ఇచ్చారు, చేతులున్న కుర్చీ.

మీటింగు పదకొండింటికి. పొద్దున వీధి పని చేసుకుని, ఆఫీసు వెనక మన గదిలో స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్ళాను. అలవాటు కొద్దీ వెనక గేటు వైపు నుంచే పోయాను. వాచ్‌మన్ నన్ను చూసి, "ఇంకా డ్యూటీ అవలేదా?" అన్నాడు. మెంబర్నయ్యానని చెప్తే, "అయితే ముందు గేటుకి పో, నాకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. చుట్టూ తిరిగి వెళ్ళాను.

మీటింగు మధ్యలో లాయరుగారు టీ ఒలకబోశారు. నేనెప్పుడు లేచానో నాకే తెలియదు. చూసుకునేసరికి నా చేతిలో గుడ్డ ఉంది, బల్ల తుడుస్తున్నాను. "అయ్యయ్యో, మీరెందుకండీ" అన్నారు డాక్టరుగారు. "పోనివ్వండి, అలవాటైన చెయ్యి" అన్నారు ఛైర్మను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానా అని ఇంటికొచ్చాక ఆలోచించాను.

తొమ్మిది విషయాలు చదివారు, తొమ్మిదీ గంటలో అయిపోయాయి. నువ్వు చెప్పినట్టే ఊరుకోవలసినచోట ఊరుకున్నాను. ఇంకేం విశేషాలు లేవు. మళ్ళీ మీటింగు ఆగస్టులో, రెండు నెలలకోసారి.

నీ బీపీ మాత్రలు మానకు.

పెద్దది


చిన్నదాని ఇల్లు
జూలై 2

పెద్దదానా,

ఇంకేం విశేషాలు లేవని ఎలా రాశావే?

నిన్న మన పనివాళ్ళలో పొడుగామె చిన్నదాని ఫోనుకి చేసింది. చేసి, "మీ అమ్మాయి మన గది అమ్మేసింది" అంది. అమ్మడమేమిటే అంటే, ఆఫీసు వెనక ఉన్న మన గది కార్ల షెడ్డుకి ఇచ్చేశారట. అందరితోపాటు నువ్వూ ఒప్పుకున్నావట. కాగితం మీద అలాగే ఉందని మేస్త్రీ చదివి వినిపించాడట.

ఆ గది కోసం మేము ఎన్నేళ్ళు అడిగామో నీకు చెప్పలేదా? అది రాకముందు పని అయ్యాక అదే బట్టలతో బస్సెక్కేవాళ్ళం. నిండు బస్సులో కూడా నా పక్క సీటు ఖాళీగా ఉండేది. నువ్వు చిన్నపిల్లవి, ఒకరోజు నాతో వచ్చి, "అమ్మా, మన కోసం సీటు ఉంచారే" అని సంబరపడ్డావు. తర్వాత ఆ గది వచ్చింది. రెండు కొళాయిలు, గోడకి నలభై కొక్కేలు, గడియ పడే ఒక మరుగుదొడ్డి. నాది పదకొండో కొక్కెం. ఇప్పుడది నీదే కదా.

పొడుగామె మంచిదే గాని నోరు ఊరుకోదు. అది నాలుగు కలిపి చెప్పి ఉంటుందని మనసుకి సర్ది చెప్పుకుంటున్నాను. నిజమేమిటో రాయి. నాకు బీపీ ఉందని దాచకు. దాస్తేనే ఎక్కువవుతుంది.

అమ్మ


మన ఇల్లు
జూలై 9

అమ్మా,

పొడుగామె కలపలేదు. దాచడం నాదే తప్పు.

ఆరోజు ఎనిమిదో విషయంగా, 'ఆఫీసు వెనక భాగంలోని పాత గదిని అధికారుల, సభ్యుల వాహనాల నిమిత్తం కేటాయించుట' అని చదివారు. పాత గది అన్నారంతే, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది అని ఎక్కడా లేదు. అయినా నాకు తెలిసింది. నచ్చలేదు, ఊరుకున్నాను. ఛైర్మను అందరి మొహాలూ చూస్తూ వచ్చి నా మొహం కూడా చూశాడు. నేను 'ఆ' అనలేదు కాబట్టి దాటేసి వేరేవాళ్ళని అడుగుతాడనుకున్నాను. ఈలోగా కార్యదర్శి రబ్బరు ముద్ర తీసి కొట్టేశాడు. 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని ఉంటుంది దానిమీద. తొమ్మిదింటికీ అదే ముద్ర.

తర్వాత కార్యదర్శిని అడిగాను, నేను ఒప్పుకోలేదు కదా అని. ఆయన మర్యాదగానే చెప్పాడు: "ఇక్కడ ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనమ్మా. ఒప్పుకోనివాళ్ళే నోరు తెరవాలి."

నువ్వు నేర్పినదాంట్లో తప్పు లేదు. అది మేస్త్రీ దగ్గర పనికొచ్చే విద్య, అంతే.

ఇప్పుడు కొక్కేల దగ్గర నాతో ఎవరూ మాట్లాడడం లేదు. పొడుగామె మాత్రం రోజూ పలకరిస్తుంది. "మెంబరుగారూ, మీకూ కారిస్తారట కదా. నా కొక్కేనికి తగిలించుకోండి." మిగతావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

నిబంధనల పుస్తకం అడిగి తెచ్చుకుని చదివాను. ఆగస్టు మీటింగులో పాత తీర్మానాలు మళ్ళీ చదువుతారు. అప్పుడు ఎవరైనా ఒప్పుకోనంటే చేతులెత్తించి లెక్క పెట్టాలి. ఒక్కరు కాదన్నా అది వెంటనే అమలు కాదు, తర్వాతి మీటింగులో రెండోసారి ఓటుకి పెట్టాలి.

ఇంకోటి కూడా ఉంది. మీటింగు హాల్లో వెనక గోడకి రెండు బెంచీలున్నాయి. ఊళ్ళో ఓటున్న ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మాట్లాడకూడదు, చూడొచ్చు. ఆ బెంచీల మీద ఎవరూ కూర్చోగా చూడలేదని కార్యదర్శే అన్నాడు. మనవాళ్ళని రమ్మన్నాను. రామన్నారు. ఛైర్మను కళ్ళలో పడితే మర్నాడు హాజరు పుస్తకంలో పేరుండదని భయం. భయపడడం న్యాయమే.

నీ పేరు ఇప్పుడు ఏ హాజరు పుస్తకంలోనూ లేదు. నువ్వు వస్తావా? ఆగస్టు 8.

పెద్దది


చిన్నదాని ఇల్లు
జూలై 20

పెద్దదానికి,

నీ ఉత్తరం వచ్చి వారం అయింది. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

నేనెలా వస్తానే. బస్సులో నాలుగు గంటలు. పసిదానికి టీకా ఉంది. చిన్నది ఒక్కతే స్నానం చేయించలేదు, మెడ పట్టుకోవడం రాదు. నా మోకాలు మెట్లు దిగనివ్వడం లేదు. పైగా అక్కడ ఛైర్మను నన్ను చూసి, మీ అమ్మని ఎందుకు తెచ్చావని నిన్ను ఏమైనా అంటే? మాట్లాడకూడదన్నప్పుడు నేను దగ్గితే? నాకు భయం వేస్తే దగ్గు వస్తుంది.

ఇవన్నీ రాసి మూడు రోజులు పక్కన పెట్టాను. ఇవేవీ అసలు సంగతి కాదు.

పెద్దదానా, నేను నీకు ఓటు వెయ్యలేదు.

ఆరోజు ఇద్దరం కలిసే వెళ్ళాం. లైన్లో నువ్వు నా ముందు నిలబడ్డావు. లోపలికెళ్ళాక కాగితం మీద నీ పేరు చూశాను. ఈ పిల్ల గెలిస్తే రేపటి నుంచి అందరి నోళ్ళలోనూ పడుతుంది, వాళ్ళ మధ్య కూర్చుని చిన్నబోతుంది, పనీ పోతుంది అనిపించింది. ఓడిపోతే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది, నేను పక్కనే ఉంటాను అనుకున్నాను. పాత మెంబరు పేరు మీద ముద్ర వేశాను. బయటికొచ్చి నీతో టీ తాగాను. నువ్వు గెలిచావని చెప్పినప్పుడు నేను ఏడ్చింది సంతోషంతో కాదు.

ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆ బెంచీ మీద కూర్చోమంటావు?

అమ్మ


మన ఇల్లు
జూలై 26

అమ్మా,

నేను ముప్పై ఒక్క ఓట్ల తేడాతో గెలిచాను. నీ ఓటు పోయినా గెలిచానన్నమాట. కాబట్టి ఆ దిగులు పెట్టుకోకు.

అబద్ధం ఎందుకు, చదివాక బాధేసింది. తర్వాత పనికి వెళ్ళి మార్కెట్టు వీధి ఊడ్చాను. ఆ వీధిలో నాకు వెయ్యనివాళ్ళు సగం మంది ఉంటారు. వాళ్ళ గుమ్మాల ముందు వదిలేసి ఊడవలేదు కదా.

నువ్వు ఎవరికి వేశావన్నది నీకూ ఆ పెట్టెకీ మధ్య సంగతి. వేసినవాళ్ళకి మాత్రమే మెంబర్నని పుస్తకంలో ఎక్కడా రాసి లేదు, మొత్తం చదివాను. మన వార్డులో నీకు ఓటుంది. అందుకని ఆ బెంచీ మీద నీకు చోటుంది. దగ్గొస్తే దగ్గు.

టీకా ఎప్పుడో చూసుకుని చెప్పు.

పెద్దది


చిన్నదాని ఇల్లు
ఆగస్టు 12

పెద్దదానికి,

క్షేమంగా చేరాను. దారిలో బస్సు రెండుసార్లు ఆగింది, నా గుండె నాలుగుసార్లు ఆగింది. టీకా వేయించారు, పిల్ల ఏడ్చి నిద్రపోయింది.

నీ దగ్గర ఉన్న రెండు రోజులూ ఏదీ సరిగ్గా చెప్పలేకపోయాను. నిన్ను చూస్తే నాకు తిన్నావా పడుకున్నావా తప్ప నోట్లోంచి ఇంకోటి రాదు. అందుకని అక్కడ నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

అటెండరు నన్ను గుమ్మంలో ఆపాడు. "ఎవరు కావాలి మామ్మా?" అన్నాడు.

"ఎవరూ అక్కర్లేదు నాయనా, చూడ్డానికొచ్చాను."

"ఇక్కడ చూడ్డానికేముంది, సినిమా ఏమన్నా వేస్తున్నామా?"

బెంచీ మీద కూర్చుంటానంటే లోపలికెళ్ళి ఎవరినో అడిగొచ్చాడు. ఆ బెంచీ మీద దుమ్ము వేలెడు మందాన ఉంది. వాడే తుడిచాడు, నేను చూస్తూ నిలబడ్డాను. నా చేతులు ఊరుకోలేదు గాని వెనక్కి కట్టుకున్నాను.

నువ్వు లేచి నిలబడ్డప్పుడు నీ పైట ఒక పక్క మడత పడి ఉంది. అదే చూస్తూ కూర్చున్నాను, మొదట ఏమన్నావో వినలేదు. తర్వాత విన్నాను. "అది పాత గది కాదండీ. పొద్దున నలభై మంది ఆడవాళ్ళం అక్కడ బట్టలు మార్చుకుంటాం, పని అయ్యాక స్నానం చేసి ఇళ్ళకి పోతాం. పోయినసారి నేను ఊరుకున్నాను. ఒప్పుకుని కాదు. ఇప్పుడు ఒప్పుకోవడం లేదని చెప్తున్నాను."

మందుల షాపావిడ అడిగింది, "ఆ గదిలో ఎవరుంటారని ఇన్నేళ్ళలో మనలో ఎవరికైనా తెలుసా?" అని. లాయరుగారన్నారు, తెలుసుకోవలసిన అవసరం రాలేదని. ఆ మనిషి వెటకారంగా అనలేదు, ఉన్నమాటే అన్నాడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారే. చెడ్డవాళ్ళయితే నాకు ఇంత దిగులు ఉండేది కాదు. ఆ గోడకి అవతల ఏముందో వాళ్ళకి ఒక్కరోజూ అవసరం పడలేదు. అవసరం పడనివాళ్ళు రాస్తే పాత గది అనే రాస్తారు. నువ్వు ఆ కుర్చీలో లేకపోతే అది పాత గదిగానే పోయేది.

ఛైర్మను నావైపు చూసి, "ఈవిడ ఆ పనివాళ్ళ తరఫునా?" అన్నాడు. నాకు దగ్గొచ్చింది. నువ్వు, "వాళ్ళు ఇక్కడ మాట్లాడకూడదండీ, చూడొచ్చు. చూస్తున్నారు" అన్నావు. ఆ తర్వాత ఆయన మళ్ళీ నావైపు చూడలేదు.

చేతులెత్తమన్నారు. నేనూ లెక్క పెట్టాను. షెడ్డుకి ఏడు, గదికి అయిదు. ఓడిపోయామని నాకు అర్థమయ్యేలోపే కార్యదర్శి అలవాటుగా రబ్బరు ముద్ర ఎత్తాడు. నువ్వు, "ఏడు, అయిదు అని రాయండి" అన్నావు. ఆయన ముద్ర పక్కన పెట్టి పెన్ను కోసం జేబులన్నీ తడుముకున్నాడు. ఆఖరికి మందుల షాపావిడ ఇచ్చింది.

రెండోసారి ఓటు అక్టోబరులో అన్నావు. అప్పుడు మాత్రం ఆ ఏడుగురూ మారతారా? నాకు నమ్మకం లేదు. అప్పటిదాకా నువ్వు జాగ్రత్త. ఛైర్మను ఊరుకోడు, ఏదో ఒకటి చేస్తాడు.

అమ్మ


మన ఇల్లు
అక్టోబరు 13

అమ్మా,

నువ్వన్నట్టే చేశాడు. మీటింగుకి వారం ముందు గదికి తాళం వేయించాడు. రెండో ఓటు కాకుండా ఎలా వేస్తారని అడిగితే, షెడ్డు కోసం కాదు, కొలతలు తీసుకోవడానికి అన్నాడు. కొలతలకి వారం ఎందుకని అడిగితే, ఇంజనీరు సెలవులో ఉన్నాడన్నాడు.

ఆ వారం మనవాళ్ళు అవే బట్టలతో ఇళ్ళకి పోయారు. కొందరు నడిచే వెళ్ళారు, బస్సులో ఎక్కలేక.

పదో తారీఖున పని అయ్యాక నేను మీటింగుకి బయల్దేరాను. నాకూ స్నానం చేసే చోటు లేదు. ముందు రోజు చెత్తబండి ఒరిగిపోయి చేపల మార్కెట్టు నీళ్ళు మోకాళ్ళదాకా పడ్డాయి. మర్నాటికీ ఆ వాసన పోలేదు. వెనక చెప్పుల చప్పుడైతే తిరిగి చూశాను. పొడుగామె, దాని వెనక మిగతావాళ్ళు.

"ఎక్కడికే?" అన్నాను.

"ఇంటికి పోతుంటే బస్సు కండక్టరు దింపేశాడు. ఇంకెక్కడా రానివ్వరు, మీ దగ్గరికొస్తున్నాం మెంబరుగారూ" అంది. "నీ కుర్చీ మటుకు మాకొద్దులే, బెంచీ చాలు."

ఇరవై ఆరు మంది వచ్చారు. బెంచీల మీద పద్నాలుగు మంది పట్టారు, మిగతావాళ్ళు గోడ వారగా నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు. నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. పక్కనున్న లాయరుగారు కాసేపు ఓర్చుకుని జేబురుమాలు తీశారు. అటెండరు కిటికీలు తెరిచాడు. లారీల చప్పుడు ఎక్కువగా ఉందని ఛైర్మను మూయమన్నాడు. వద్దని నలుగురు మెంబర్లు ఒకేసారి అన్నారు.

డాక్టరుగారు నాతో మెల్లిగా అన్నారు, "కాస్త కడుక్కుని రావలసింది." కోపంగా కాదు, వైద్యం చెప్పినట్టే.

"ఎక్కడ కడుక్కోమంటారండీ?" అన్నాను. నేనూ కోపంగా అనలేదు. నిజంగానే అడిగాను. ఆయన వెనక గోడ వైపు చూశారు.

ఛైర్మను తీర్మానం చదివాడు. షెడ్డుకి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నాడు. లాయరుగారికి ఒక చెయ్యి జేబురుమాలుతో ముక్కు దగ్గరే ఉంది, రెండోది బల్లమీద ఉంది. రెండూ లేవలేదు. డాక్టరుగారి చెయ్యీ లేవలేదు. అయిదు. కాదన్నవాళ్ళని ఎత్తమన్నప్పుడు ఆ ఇద్దరివీ లేచాయి, ఏడు. కార్యదర్శి ఈసారి పెన్ను ముందే తెచ్చుకున్నాడు.

తాళంచెవి పొడుగామెకి ఇచ్చారు, సంతకం పెట్టించుకుని. అందరూ అటునుంచి అటే స్నానాలకి పోయారు. నేను మిగతా ఆరు విషయాలూ అయ్యేదాకా అలాగే కూర్చున్నాను. ఒకదానికి 'ఆ' అన్నాను, రెండింటికి కాదన్నాను, మిగతావాటి గురించి అడిగి తెలుసుకున్నాను. సాయంత్రం నాలుగయింది.

పెద్దది


చిన్నదాని ఇల్లు
అక్టోబరు 20

పెద్దదానికి,

నీ ఉత్తరం చిన్నది చదివి వినిపించింది. తర్వాత నేను సొంతంగా రెండుసార్లు చదువుకున్నాను. చేపల నీళ్ళు పడ్డ కాళ్ళకి దురద రాలేదు కదా? వస్తే గోకకు.

గది నిలిచినందుకు సంతోషం. కానీ నాకు నిద్ర పట్టడం లేదు. ఓడినవాళ్ళు అయిదుగురున్నారు కదే, వాళ్ళ గురించి ఆలోచిస్తున్నాను. రేపటి నుంచి నువ్వు వాళ్ళ పక్కనే కూర్చోవాలి. వాళ్ళ కార్లు ఇంకా ఎండలోనే ఉన్నాయి. అది వాళ్ళకి నిజమైన కష్టమే అయ్యుండొచ్చు, మనకి కారు లేదు కాబట్టి మనకేం తెలుసు. ఆవరణలో తూర్పు పక్క విరిగిన తోపుడు బళ్ళు పడేసిన చోటుంది. అవి తీయించేస్తే నాలుగు కార్లకి రేకుల నీడ వేసుకోవచ్చు. ముప్పై రెండేళ్ళు ఆ పక్క నుంచే నడిచాను, నాకు తెలుసు. ఆ సంగతి నువ్వే ముందు లేచి చెప్పు. వాళ్ళు అడిగేదాకా ఆగకు. వాళ్ళకి మొహమాటంగా ఉంటుంది.

చిన్నది ఇప్పుడు పిల్లకి స్నానం ఒక్కతే చేయిస్తోంది. మెడ బాగానే పట్టుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తాను, అంతే.

డిసెంబరు మీటింగు తారీఖు తెలియగానే రాయి. టిక్కెట్టు ముందే తీసుకోకపోతే కిటికీ పక్క సీటు దొరకదు.

అమ్మ